తీర్చుకొన్న సందేహము, దాచుకొన్న సందేహము

సాయంకాలము ఏడుగంటలు దాటిన పిమ్మట దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి. నగరు వరకు గల కాలనీలలో ఏ వీధిని నడచినను ఒకటే ధ్వని చెవిని బడును. ఒక యింటి కిటికీలోనుండి ఒక కోడలి యేడ్పు వినవచ్చును. నాలుగడుగులు వేసినచో పక్కింటి కిటికీలోనుండియు అదే కోడలి యేడ్పు. అది టెలివిజను ధారావాహికలు నడచు వేళ. కూర తరుగుచు, చపాతీలు వత్తుచు, పిల్లలచేత ఎక్కములు చెప్పించుచు మనము వానిని చూచుచునే యుందుము. అందు తప్పేమియు లేదు. దినమంతయు చాకిరి చేసిన యిల్లాలికి ఆ కాస్త వినోదమైన నుండవలదా?

అయితే ఒక విచిత్రమును గమనించితిరా? మనలను ఏడ్పించు కథలు ఏండ్లకొలది సాగును. నవ్వించు కథలు, అందును నవ్వించుచు నొక రహస్యమును ఛేదించు కథలు, మనము వానికి అలవాటుపడునంతలోనే మాయమగును. ఉత్సాహము మాత్రమే పెట్టుబడిగా పరిశోధనకు దిగిన డిటెక్టివు, అతని వెంట నొక అమాయకపు సహాయకురాలు, పొరపాటుమీద పొరపాటు, కడపట నిజము బయటపడుట: ఇట్టి వేడుక కథ యేదియు మన టెలివిజనులో దీర్ఘాయువు పొందలేదు. ఎందువలన? ఈ మాసము మనము ముచ్చటించుకొనదలచినది ఇదియే. ఇది టెలివిజనును గూర్చిన ముచ్చటగా కనబడును గాని, నిజమునకు మన యిండ్లను గూర్చినదే.

మన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమయ్యెను. ఎనిమిదేండ్లకు, 1985లో, దూరదర్శన్ జాతీయ ప్రసారములలో ‘కరమ్‌చంద్’ అను హిందీ కార్యక్రమము వచ్చెను. దానికి దర్శకుడు పంకజ్ పరాశర్. డిటెక్టివు వేషము ధరించినవారు పంకజ్ కపూర్. నల్ల కళ్లద్దములు, నోటిలో క్యారెట్టు దుంప, ఎవరు చెప్పినను నమ్మని చూపు, ఇదియే ఆయన వాలకము. కిట్టీ యను సహాయకురాలిగా సుస్మితా ముఖర్జీ నటించెను. ఆమె అమాయకముగా నొక ప్రశ్న వేయును. ఆయన నోరు మూసుకొమ్మని కసరును. ప్రతివారము ఇదే తంతు. హిందీ సరిగా రానివారు సైతము ఆ కసురు వినుటకై కాచుకొని యుండెడివారు. అదే కరమ్‌చంద్ 2007లో సోనీ చానెలులో కొత్త కిట్టీతో మరల వచ్చి, కొలదికాలముననే వెళ్లిపోయెను.

తెలుగున ఈ చమత్కారము మనకు క్రొత్త గాదు. 1986లో జంధ్యాలగారు మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి నవల నాధారముగా గొని తీసిన ‘చంటబ్బాయ్’ చలనచిత్రములో చిరంజీవిగారు డిటెక్టివు పాండురంగారావుగా మనలను కడుపుబ్బ నవ్వించిరి. మొన్నమొన్న, 2022లో, డిటెక్టివు కావలెనని ఉబలాటపడు నొక యువకుని కథ ‘ఏజెంట్ ఆనంద్ సంతోష్’ అను పేర ‘ఆహా’లో వచ్చెను. అదియు ఒక్క విడతతో సరి.

దీర్ఘాయుష్షు పొందిన కథను ఇప్పుడు పక్కన నుంచి చూతము. ‘కార్తీకదీపము’ స్టార్ మా చానెలులో 2017లో మొదలై 2023లో ముగిసెను. భాగములు 1500 దాటెను. అందలి దీపను ‘వంటలక్క’ యని పిలువని యిల్లు అరుదు. కథకు మూలమేమి? భర్త వైద్యుడు. మూడవ మనిషి పన్నిన కుట్రవలన తనకు సంతానయోగ్యత లేదని నమ్మి, భార్య కడుపున బడిన బిడ్డలు తనవారు కారని శంకించెను. అంతే. ఆ ఒక్క శంకమీద సంవత్సరములు గడచెను. కవల బిడ్డలు చెరియొకచోట పెరిగిరి. వైద్యుడే యైన యా మనుజుడు ఒక పరీక్షతో తేల్చుకొనదగిన మాటకు మనము వేసవులు, వర్షాకాలములు పెక్కు గడపితిమి. “ఆ పరీక్ష ఏదో ముందే చేయించుకోరాదా!” అని విసుగుకొనని ప్రేక్షకురాలు మనలో నుండదు. విసుగుకొనియు మరునాడు మరల చూచితిమి.

ఇక్కడనే యున్నది రహస్యము. దినదినము వచ్చు ధారావాహికకు సందేహమే మూలధనము. దానిని ఖర్చుపెట్టరాదు, వడ్డీమీద నడుపవలెను. నిజము తెలియబోవు ప్రతిసారియు నొక తలుపు మూసికొనవలెను, ఒక ఉత్తరము చిరిగిపోవలెను, ఒకరికి స్పృహ తప్పవలెను. నేడు తీరినచో రేపెవరు చూచెదరు? ప్రకటనల వారెవరు ధనమిచ్చెదరు? డిటెక్టివు కథ సంగతి అట్లు కాదు. దానికి వారము వారము కొత్త యిల్లు, కొత్త మనుష్యులు, కొత్త చిక్కుముడి కావలెను. అర్ధగంట కార్యక్రమమున ప్రకటనలు పోగా మిగులు ఇరువది నిమిషములలో ముడి పడవలెను, ముడి విడవలెను. విడినంతనే కథ సమాప్తము. మరల మొదటినుండి మొదలు పెట్టుకొనవలెను. ఇందు ఖర్చు హెచ్చు, రాబడికి హామీ తక్కువ. వ్యాపారస్థుడు దేనిని ఏల ఎన్నుకొనునో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క డిటెక్టివు పొరపాటున ‘కార్తీకదీపము’ కథలో కాలు పెట్టియుండినచో, ఆ కథ ఒక్క శనివారముతో ముగిసియుండెడిది!

వ్యాపారస్థుని తప్పుపట్టుట నా ఉద్దేశము గాదు. నే నడుగునది వేరు. టెలివిజను వారికి సందేహమును సాగదీయుటవలన ధనము వచ్చును. మన యిండ్లలో సందేహమును సాగదీయుటవలన మనకు వచ్చునదేమి?

కొత్తపేటలో నొక మేడమీద ఇరుగుపొరుగు స్త్రీలిద్దరు వడియములు ఎండబెట్టుచున్నారనుకొందము. వారిలో చిన్నామె ఇట్లు మొదలుపెట్టును:

“అక్కా, నిన్న పొద్దుగూకినంక మీ అమ్మాయి విక్టోరియా మెమోరియల్ స్టేషన్ కాడ కనబడ్డది.”

“కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఆడనే దిగుతది గదా చెల్లె.”

“దిగుడు గాదక్కా. ఎవరో పిలగానితోని చానసేపు మాట్లాడుకుంట నిలబడ్డది. నాకెందుకులే అనుకున్న గానీ, మనసు ఊకుంటలేదు.”

ఇందు చిన్నామె చూచినది ఒక్కటే: పిల్ల యొక పిల్లవానితో మాటలాడుట. ‘చానసేపు’ అనునది ఆమె లెక్క, గడియారము చూచి చెప్పినది గాదు. ‘మనసు ఊకుంటలేదు’ అనునది చూచినది గాదు, తలచినది. కాని ఈ మూడును కలిసి ఒకే సమాచారముగా తల్లి చెవిలో బడినవి. ఇక తల్లి యేమి చేయును?

ఆమె ధారావాహికను అనుసరించినచో పిల్లతో నేమియు అనదు. పిల్ల స్నానమునకు పోయినప్పుడు ఆమె ఫోను తీసి చూచును. రాత్రి భర్తకు కంటనీరు పెట్టుకొని చెప్పును. ఆయన మరునాడు పిల్లను చూచిన చూపు మారును. పిల్లకు కారణము తెలియదు. అన్నము దగ్గర మాటలు తగ్గును. పది దినములకు మేనత్తకు తెలియును. నెలకు, “ఇంక చదువు చాలు, సంబంధము చూడుడు” అను మాట పుట్టును. అపరాధమేమో, అపరాధి యెవరో తేలకుండగనే శిక్ష పడెను.

ఆమె డిటెక్టివును అనుసరించినచో ఆ సాయంకాలమే, పిల్ల అన్నము తినిన పిమ్మట, ఒంటరిగా కూర్చుండబెట్టి సూటిగా నడుగును. “నిన్న స్టేషన్ కాడ ఎవరితోనో మాట్లాడినవంట. ఎవరు బిడ్డా?” పిల్ల చెప్పును: “మా క్లాసు పిలగాడమ్మా. హాల్‌టికెట్ల నా ఫోటో తప్పు పడ్డది, వానిది గూడ గట్లనే అయింది. ఆఫీసుకు ఎప్పుడు పోవాల్నో మాట్లాడుకున్నం.” సందేహము తీరుటకు అయిదు నిమిషములు పట్టెను. అంతేకాదు, ఇంట ఎవరికిని తెలియని హాల్‌టికెట్టు చిక్కు కూడ బయటపడెను.

“ప్రతి సమాధానమును ఇంత తీయగా నుండునా?” యని మీరడుగుదురు. ఉండదు. “అతనిని ఇష్టపడుచున్నాను” అనియే పిల్ల చెప్పవచ్చును. కాని ఆ మాట మనకు రుచింపనిదే యైనను, పిల్ల నోట విన్న నిజము, పొరుగామె నోట విన్న అనుమానముకంటె వేయిరెట్లు మేలు. నిజముతో మాటలాడవచ్చును, వాదింపవచ్చును, వేచియుండవచ్చును. అనుమానముతో నెవరు మాటలాడగలరు?

ఈ మాట మన ప్రాంతమున మరింత ముఖ్యము. దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి సందులలో ఆడపిల్లల హాస్టళ్లు ఎన్నియో కలవు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబునగరు ప్రాంతములనుండి పోటీ పరీక్షలకని, కంప్యూటరు శిక్షణకని, ఉద్యోగ ప్రయత్నమునకని వచ్చిన పిల్లలు ఆ యిరుకు గదులలో నుందురు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వరకు మెట్రోరైలు దారి తెరచినప్పటినుండి వారి రాకపోకలు సులభమయ్యెను. వారిలో పెక్కురు తమ వంశములో ఊరు దాటి చదువుకొనవచ్చిన మొదటి ఆడపిల్లలు. అట్టి పిల్లను దూరపు బంధువెవరో దుకాణము దగ్గర చూచి ఊరికి ఫోను చేసినచో, ఆ వార్త చేరుటకు రెండు నిమిషములు చాలును. ఆ పిల్ల మరల పెట్టె సర్దుకొని యింటికి బోవుటకు రెండు దినములు చాలును. ఎన్ని యెకరముల పంట, ఎన్ని తులముల బంగారము ఆ చదువునకై తాకట్టుబడినదో, ఫోను చేసిన బంధువునకు తెలియదు. ఆయన తాను డిటెక్టివు ననుకొనెను. అడుగవలసినవారిని అడుగలేదు గనుక డిటెక్టివు గాడు, వట్టి చాడీకోరు.

పెండ్లి సంబంధములలోను, కాపురములలోను ఈ పరిశోధన ఇప్పుడొక వృత్తియే యైనది. వరుని గూర్చి, వధువును గూర్చి, భర్తను గూర్చి, భార్యను గూర్చి కూపీ తీసి పెట్టెదమని ప్రకటించువారు కలరు. ఒక సంగతి మీరు తెలిసికొనియుండవలెను. కావలివారిని సమకూర్చు ప్రైవేటు భద్రతా సంస్థలకు 2005లో శాసనము వచ్చినది గాని, ప్రైవేటు డిటెక్టివులను క్రమబద్ధము చేయుటకై 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు శాసనము కాలేదు. కావున తలుపుమీద డిటెక్టివు ఫలకము వ్రేలాడినంతమాత్రమున ఆ వ్యక్తి ఏదో పరీక్ష నెగ్గి ప్రభుత్వముచేత అనుమతి పొందినవాడని భ్రమపడరాదు. మరియు, స్త్రీ యిష్టపడుట లేదని స్పష్టముగా తెలిసియు పురుషుడు ఆమెను పదేపదే వెంబడించుటయు, ఆమె ఇంటర్నెట్టు, ఈమెయిలు మొదలగువాని వాడుకను కనిపెట్టుచుండుటయు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము నేరము. మొదటి తప్పునకే మూడు సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చును. నవ్వుల డిటెక్టివు చెట్టుచాటున నక్కి చూచుట తెరమీద వేడుకయే గాని, వీధిలో వేడుక గాదు.

భార్యాభర్తల నడుమ ఈ గూఢచర్య మెంతవరకు పోయినదో 2025 జూలై 14న మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన తెలియును. ఒక భర్త భార్యకు తెలియకుండ ఆమె ఫోను మాటలను ముద్రించి, విడాకుల వ్యాజ్యెములో సాక్ష్యముగా దాఖలు చేసెను. హైకోర్టు 2021లో అది చెల్లదనెను. సుప్రీంకోర్టు అట్టి సాక్ష్యమును కోర్టు పరిశీలింపవచ్చునని తీర్పు చెప్పెను. కాని ఆ తీర్పులోనే న్యాయమూర్తులు ఒక భావమును వెల్లడించిరి: దంపతులు ఒకరిపై నొకరు నిఘా వేసుకొను స్థితి వచ్చినదన్న, అదియే వారి నడుమ నమ్మకము నశించినదనుటకు గుర్తు. సోదరీమణులారా, ఈ మాట మనసున నుంచుకొనుడు. ఫోను ముద్రణ కోర్టులో చెల్లవచ్చును. కాపురములో చెల్లదు.

నవ్వుల డిటెక్టివులలో మన హైదరాబాదు ఆడపడుచు కూడ నొకతె కలదు. 2014లో వచ్చిన హిందీ చిత్రము ‘బాబీ జాసూస్’లో విద్యాబాలన్ ధరించిన పాత్ర అది. పాతబస్తీ మొగల్‌పురాకు చెందిన ముస్లిము కుటుంబపు పెద్దకూతురు. తండ్రికి ఆమె పని గిట్టదు. ఆమె బిచ్చగాని వేషము, గాజులమ్మువాని వేషము వేసి వీధులు తిరుగును. మనము నవ్వుదుము. ఇంతలో నొక ధనికుడు వచ్చి, ఫలానా గుర్తులు గల బాలికలను వెదకిపెట్టుమని పెద్దమొత్త మిచ్చును. ఆమె వెదకి పెట్టును. ధనము పుచ్చుకొనును. ఇల్లు గడచును. తరువాత నొక దిన మామెకు గుండె ఝల్లుమనును: ఆ పిల్లలను అతడేల వెదకించుచున్నాడు? నేను చూపించిన పిల్లలకేమయ్యెను? అప్పుడామె తనకు సొమ్మిచ్చినవానినే పరిశోధింప మొదలుపెట్టును.

ఈ చిత్రములో నేను నేర్చుకొన్న పాఠ మిది. ఒకరిని గూర్చి తెలిసికొనుట సగము పని. తెలిసినదానిని ఎవరికి చెప్పుచున్నాము, వారు దానితో నేమి చేయుదురు అనునది మిగిలిన సగము. మేడమీది చిన్నామె చెడ్డది గాదు. కాని తాను చెప్పిన మాట ఏ చేతిలో ఏ ఆయుధమగునో ఆమె ఆలోచింపలేదు.

విచారింపని యనుమానము ప్రాణములు తీయుట మన నగరము చూచినది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని తెలంగాణ మంతట వాట్సాపులో పుకార్లు వ్యాపించెను. ఎవరి పిల్ల, ఏ ఊరు, ఎప్పుడు అను ప్రశ్నలు వేసినవారు లేరు. చాంద్రాయణగుట్టలో జనసమూహము, భిక్షాటనకై వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై బడగా ఒకరు మరణించిరి. అదే సమయమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు పోలీసులను పల్లె పల్లెకు పంపి, డప్పులతో, పాటలతో, “వచ్చిన ప్రతి సందేశమును నమ్మకుడు, మమ్ములను అడుగుడు” అని చాటించిరి. అడుగుము అను ఒక్క మాటకు అంత శక్తి కలదు.

నిజమైన పరిశోధన యెట్లుండునో కూడ దిల్‌సుఖ్‌నగరు చూచినది. 2013 ఫిబ్రవరి 21, గురువారము సాయంకాలము, జనము కిటకిటలాడు వేళ, సైకిళ్లకు అమర్చిన బాంబులు రెండు ఒకదాని వెంట నొకటి ప్రేలెను. 18 మంది మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. వారిలో చదువుకొన వచ్చిన విద్యార్థులును కలరు. జాతీయ పరిశోధక సంస్థ దర్యాప్తు చేసెను. అయిదుగురు దోషులని ప్రత్యేక న్యాయస్థానము తేల్చినది 2016 డిసెంబరులో. హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది 2025 ఏప్రిలు 8న. అనగా పండ్రెండేండ్లు దాటినవి. సాక్షులను ఒక్కొక్కరిని విచారించి, నిందితుల పక్షము కూడ విని, అటుపిమ్మటనే మాట చెప్పిరి. అంత ఘోరమునకు గురియైన పేటలోనే, అంత కోపమునకు కారణమున్నచోటనే, న్యాయస్థానము ఎదుటివాని మాట వినుటకు ఓపిక పట్టినది. హాల్‌టికెట్టు గూర్చి మాటలాడిన పిల్లకు మన యింటిలో అయిదు నిమిషముల వాయిదా యియ్యలేమా?

ఆ నవ్వుల డిటెక్టివులనుండి మనము గ్రహింపదగిన పద్ధతి నాలుగు మాటలలో చెప్పుదును.

మొదటిది, చూచినదానిని, తలచినదానిని వేరుచేయుట. ఎవరైన వచ్చి యేదైన చెప్పినప్పుడు, “నీవు కంట చూచిన దెంత?” అని ప్రశ్నింపుడు. చెప్పువారికి కోపము రాకుండ, నవ్వుచునే అడుగవచ్చును. సగము వార్తలు ఆ ప్రశ్నతోనే వాడిపోవును.

రెండవది, ఎవరిని గూర్చిన సందేహమో వారినే మొదట అడుగుట. భర్తకు, అత్తకు, ఆడపడుచుకు, పొరుగువారికి చెప్పిన పిమ్మట అడిగినచో అది విచారణ గాదు, తీర్పు చదువుటయే. నలుగురిలో గాక ఒంటరిగా అడుగవలెను. కోపము చల్లారిన పిమ్మట అడుగవలెను. కాని వారము దాటనీయరాదు.

మూడవది, కిట్టీని మాటలాడనిచ్చుట. ఆ కార్యక్రమములో ఆమె నోరు మూయించుటయే హాస్యము. కాని గదిలో నున్న అందరి యెదుటను తెలియదని యొప్పుకొని ప్రశ్న వేయగల ధైర్యము గలది ఆమె యొక్కతెయే. మన యిండ్లలో ఆ కిట్టీ యెవరు? కొత్త కోడలు, పదేండ్ల పిల్ల, పనికి వచ్చు అమ్మాయి. “అసలు ఆయననే అడుగరాదా అత్తయ్యా?” అని కోడలన్నచో, “నీకేమి తెలియును, ఊరకుండు” అని కసరుదుము. ఇంగ్లీషువారి డిటెక్టివు కథలలో అగాథా క్రిస్టీ 1930లో వెలువరించిన నవలనుండి పేరుగాంచిన మిస్ మార్పుల్ ఒక పల్లెటూరి ముసలమ్మ. అల్లిక పని చేసికొనుచు మూల కూర్చుండును. ఆమెను లెక్కచేయక మాటలాడిన పెద్దలందరు కడపట ఆమె ముందు తెల్లబోవుదురు. లెక్కకు రానివారి కన్ను ఇంటిలో చురుకైనది.

నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది: తప్పని తేలిన సందేహమును నవ్వి వదలివేయుట. హాస్య డిటెక్టివు ఘనత యేమనగా, అతడు మొదట తప్పు మనిషిని పట్టుకొనును, అందరియెదుట నవ్వులపాలగును, టోపీ సర్దుకొని మరల మొదలుపెట్టును. “నాకెప్పుడో తెలియును, ఈసారి తప్పించుకొనెను గాని” అని సందేహమును మూటగట్టి అటకపై దాచడు. మన యిండ్లలో తీరిన సందేహమును సైతము దాచుకొనువారు కలరు. పదేండ్ల తరువాత పండుగనాడు దానిని దింపి దులుపుదురు. సమాధానము దొరికినదా? “నాదే పొరపాటు బిడ్డా” అని యొక్కసారి నవ్వుడు. తల్లి అట్లు నవ్వగలదని తెలిసిన పిల్ల, నిజముగా ఆపద వచ్చిననాడు మొదట తల్లివద్దకే పరుగెత్తును. మనకు కావలసిన దదియే గదా?

ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. అడిగి తీర్చుకొనదగినవి అన్ని సందేహములును గావు. పక్కింటిలో స్త్రీని కొట్టుచున్న చప్పుడు విన్నప్పుడు, చిన్నపిల్ల భయపడుచు ఎవరి దగ్గరకో పోనని మారాము చేసినప్పుడు, కొట్టువానిని పోయి అడుగుట కూడదు. అప్పుడు 181 మహిళా సహాయవాణికి గాని, 112కు గాని ఫోను చేయవలెను. వీధిలో వెంటబడి వేధించువారి విషయమున 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీములు కలవు. చూచినది చూచినట్లు, తేదీ, వేళ, స్థలము చెప్పినచో చాలును. మిగిలినది వారి పని. ఇంటి సందేహమును వీధిలో బెట్టుట ఎంత తప్పో, పోలీసులకు చెప్పవలసినదానిని ఇంట దాచుట అంతకంటె పెద్ద తప్పు.

నవ్వించు డిటెక్టివు కథ మన టెలివిజనుకు మరల వచ్చుగాక యని కోరుచున్నాను. వచ్చినచో మనము చూడవలెను, చూచి నలుగురికి చెప్పవలెను. అప్పుడైన దానికి నాలుగు నెలలు ఆయువు పెరుగును. మరియు అందలి కిట్టీకి మాటలాడు అవకాశ మిచ్చినచో ఇంకను సంతోషము. అది వచ్చువరకు ఏడుగంటల ధారావాహికను నిశ్చింతగా చూడుడు. ఆ కోడలి సందేహము వారి సొత్తు, ఎన్నియేండ్లైన సాగనిండు. మన యింటి సందేహము మన సొత్తు. దానిని రాత్రి దీపము ఆర్పకముందే తీర్చుకొందము.